ఎక్సర్‌సైజు చేయించేది ఎవరు: మా సంఘం డబ్బు పెట్టి నేర్చుకున్న సంగతి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

 

ఈ సభలో ప్రతి ఏడూ గేదెల గురించో, బ్యాంకు లింకేజీ గురించో, రికవరీ గురించో మాట్లాడతాం. మమ్మల్ని మాత్రం ఈసారి ఫిజియోథెరపీ గురించి చెప్పమన్నారు. పోయిన ఏడు మా గ్రూపులో ఒక అప్పు మీద పెద్ద తగువు జరిగింది, ఆ సంగతి మీలో సగం మందికి తెలుసు. ఎవరో ఒకరు వంకరటింకరగా చెప్పే బదులు మేమే చెబుతాం అని వచ్చాం.

సంక్రాంతి వెళ్లిన తర్వాత, మిరప కోతల రోజుల్లో జరిగింది. మా గ్రూపులో ఒక అక్క భర్త, మేమంతా బావ అని పిలుస్తాం, తెల్లవారుజామున లేచి గేదెల దగ్గరికి పోబోయి పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు లేవలేదు. నోరు వంకర పోయింది, మాట ముద్దగా వచ్చింది. వెంటనే 108కి ఫోను చేశారు, అది మంచి పని. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతమైతే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపల వేయాలంట. అది దాటితే మామూలుగా ఆ మందు వెయ్యరు. మూతి వంకర పోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా ముందు 108కి చెప్పండి. సోడా తాగించడం, దిష్టి తీయడం తర్వాత చూసుకోవచ్చు.

పన్నెండు రోజులు పెద్దాసుపత్రిలో ఉండి ఇంటికొచ్చారు. డిశ్చార్జి కాగితంలో మందుల కింద ఒక లైను రాసి ఉంది, ఫిజియోథెరపీ చేయించాలి అని. ఇంగ్లీషులో ఉంది. మేము పదో తరగతి చదివిన వాళ్లమే, మా చేతికి కాగితం ఇస్తే చదివేవాళ్లమే. అక్క దాన్ని బియ్యం డబ్బాలో దాచిపెట్టింది, మేమూ అడగలేదు. చుట్టాలు వచ్చారు. ఒకరు పావురం రక్తం రాయమన్నారు, ఇంకొకరు పక్క జిల్లాలో పసరు పోస్తారన్నారు. పావురం రక్తం రాశారు కూడా. పక్షవాతం వచ్చిన తర్వాత మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ మెరుగు వస్తుందని, ఆ తర్వాత ఆగిపోదు గానీ నెమ్మదిస్తుందని మాకు తర్వాత చెప్పారు. ఆ మూడు నెలల్లో మూడు వారాలు పావురాలకు పోయాయి.

అప్పుడు బండి మీద ఒకాయన వచ్చాడు. పక్క ఊళ్లో ఒకరికి చేయిస్తున్నాడంట. ఊరంతా ఫిజియో డాక్టరు అన్నారు, మేమూ అన్నాం. రోజుకు నాలుగు వందలు, నలభై రోజులు చేస్తే నడిపిస్తానన్నాడు. అక్క గ్రూపులో ఇరవై వేలు అడిగింది.

తగువు అక్కడే మొదలైంది. మా గ్రూపులో పెద్దామె ఒకామె ఉంది, లెక్కలో గట్టిది. "గేదెకిస్తే పాలొస్తాయి, కుట్టుమిషనుకిస్తే జాకెట్లు వస్తాయి, మంచంలో ఉన్న మనిషి కాళ్లు పిసకడానికిస్తే ఏమొస్తుంది? తిరిగెట్లా కడుతుంది?" అని అడిగింది. ఆ మాట వినడానికి కష్టంగా ఉంటుంది గానీ, అది పది మంది పొదుపు డబ్బు. అడగాల్సిన మాటే అడిగింది. అక్క ఏమీ అనలేదు. కొంగు నోట్లో పెట్టుకుని కూర్చుంది. చివరికి అంతర్గత అప్పు కింద, రూపాయి వడ్డీకి, ఇరవై నెలల వాయిదాలకి ఇద్దామని తీర్మానం రాశాం. పెద్దామె కూడా సంతకం పెట్టింది. పెట్టి, "మనిషి లేస్తే నాకంటే సంతోషించేదెవరు" అంది.

ఆయన రోజూ వచ్చేవాడు. ఇరవై నిమిషాలు. కాలికి కరెంటు మిషను పెట్టేవాడు, తర్వాత పడిపోయిన చెయ్యిని మణికట్టు దగ్గర పట్టుకుని తల మీదికి గుంజేవాడు. బావ కేకలు పెట్టేవాడు. "నొప్పి లేకుండా నరం ఎట్లా లేస్తుందమ్మా" అనేవాడు ఆయన. మాకూ అది నిజమే అనిపించింది. చిన్నప్పుడు బెణికితే లాగించుకున్నవాళ్లమే కదా. రెండు వారాలకి కుడి భుజం కిందికి దిగినట్టు కనపడింది, వేలు పెడితే సందు తగులుతుంది. రాత్రిళ్లు నిద్ర లేదు. పద్దెనిమిదో రోజున ఆయన బండి చప్పుడు వినగానే బావ గోడ వైపు తిరిగి ఏడ్చాడు. పొలంలో పాము కరిచినా ఏడవని మనిషి.

ఆరోజు మేము ఇద్దరు లీడర్లం అక్కడే ఉన్నాం, వాయిదా గురించి వెళ్లాం. ఆయన్ని అడిగాం, "అన్నా, నువ్వు ఏం చదివావు?" అని. ఆయన కోప్పడలేదు. ఒక ఆసుపత్రిలో ఆరేళ్లు హెల్పరుగా చేశాడంట, అక్కడ చూసి నేర్చుకున్నాడంట. "డాక్టరునని నేను చెప్పలేదమ్మా, మీరే పిలిచారు" అన్నాడు. ఆలోచిస్తే అది నిజం. ఆయన నోటి నుంచి డాక్టరు అన్న మాట మేము ఒక్కసారి కూడా వినలేదు. పిలిచింది మేమే, అడగనిదీ మేమే. పద్దెనిమిది రోజులకి ఏడు వేల రెండు వందలు ఇచ్చి పంపేశాం.

అప్పుడు అక్క బియ్యం డబ్బాలో కాగితం తీసింది. విలేజ్ క్లినిక్‌లో ఉండే మేడం చదివి, ఇది సర్కారు ఆసుపత్రిలోనే చేస్తారు కదా, ఎందుకు పోలేదు అంది. మాకు ఫిజియోథెరపీ అంటే డబ్బున్నోళ్లు చేయించుకునేది అని ఒక లెక్క ఉండేది. జిల్లా ఆసుపత్రిలో దానికి ఒక గది, ఒక విభాగం ఉంటుందని తెలియదు. ఓపీ చీటీ తీసుకుని అడిగితే చూపిస్తారు. అడగాలని కూడా తెలియాలి కదా.

మొదటి రోజు ఫిజియోథెరపిస్టు మేడం చూసింది. ముప్పావు గంట చూసింది. అంతసేపు చెయ్యి పట్టుకుని గుంజలేదు. కూర్చోబెట్టింది, నిలబెట్టింది, ఏ వేలు కదులుతుంది, ఎక్కడ స్పర్శ తెలుస్తుంది, బీపీ ఎంత, పక్షవాతం రాకముందు ఏం పని చేసేవాడు, ఇంట్లో గడప ఎత్తెంత, బాత్రూము ఇంట్లో ఉందా దొడ్లో ఉందా, అన్నీ అడిగి రాసుకుంది. భుజం చూసి, చెయ్యి పడిపోయినప్పుడు కీలును పట్టి ఉంచే కండలు వదులవుతాయి, అలాంటప్పుడు గుంజితే కీలు జారి నొప్పి వస్తుంది, ఇక ఎవరూ ఈ చెయ్యి పట్టుకుని లేపొద్దు, చంకలో చెయ్యి వేసి ఎత్తొద్దు అని చెప్పింది. కరెంటు మిషను చెడ్డదా అని అడిగాం. మిషను చెడ్డది కాదు, ఎవరికి, ఎక్కడ, ఎంతసేపు పెట్టాలో చూసి చెప్పే మనిషి ఉండాలి అంది.

రెండోసారి వెళ్తే మేడం లేదు, ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉంటాయి. అసిస్టెంటు అన్నారు. అక్క ముఖం మాడ్చుకుంది. మేమూ అన్నాం, "ఇరవై రెండు కిలోమీటర్లు ఆటోలో ఎత్తుకొచ్చాం, ఈ పిల్ల చేతిలో పెడతారా, మేడాన్నే పిలవండి" అని. హెల్పరును డాక్టరు అన్న మేమే, చదువుకుని వచ్చిన అసిస్టెంటును పిల్ల అన్నాం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ ఆ మాట అన్నది మేమే.

ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. ముందు బీపీ చూసింది, మేడం రాసిన కాగితం తీసి చదివింది. ఆ తర్వాత బావతో, "తాతా, ఇప్పుడు మీ మోకాలి కింద చెయ్యి పెడుతున్నా, కాలు నేను ఎత్తను, మీరే ఎత్తాలి, నేను బరువు మాత్రమే పట్టుకుంటా" అని చెప్పి అప్పుడు చెయ్యి వేసింది. ప్రతిదానికీ ముందు చెప్పడం, తర్వాత ముట్టుకోవడం. బావకి యాభై రెండేళ్లు, తాతా అంటే ఒప్పుకోడు, ఆరోజు నవ్వాడు. మూతి ఒక పక్కకే నవ్వింది గానీ, నెలన్నరలో అదే మొదటి నవ్వు. నిలబెట్టేటప్పుడు నడుముకు బెల్టు కట్టి ఆ బెల్టు పట్టుకుంది, చెయ్యి జోలికి పోలేదు. బలం లేని పక్కనే తను నిలబడింది. పడితే ఆ పక్కకే కదా పడేది.

మాకు ఆ అమ్మాయి మీద నమ్మకం కుదిరింది ఇంకొక మాట వల్ల. మూడో వారంలో బావ, కర్ర లేకుండా నడుస్తా అన్నాడు. మేమూ నడిపించమన్నాం. ఆ అమ్మాయి, "అది నేను చెప్పే మాట కాదమ్మా, మేడం చూసి చెప్పాలి. మీరు అడిగారని చెప్తా" అంది. మేడంకి చెప్పింది, మేడం వచ్చి చూసి ఇంకా రెండు వారాలు కర్ర ఉండాలంది. నాకు తెలియదు, అడిగి చెప్తా అనే మనిషి దగ్గర మన మనిషిని వదలొచ్చు అని ఆరోజు అనుకున్నాం.

ఎవరు ఎవరో మేడం మాకు విడమరిచి చెప్పింది, మాకు అర్థమైనట్టు చెప్తాం. ఫిజియోథెరపిస్టు అంటే ఇంటరు తర్వాత డిగ్రీ చదివి, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేసిన వాళ్లు. చూసి, తేల్చి, ఏం చేయించాలో ప్లాను రాసేది వాళ్లు. అసిస్టెంటు ఆ ప్లాను ప్రకారం రోజువారీ చేయించే మనిషి. వ్యాయామం చేయిస్తుంది, నడిపిస్తుంది, మిషను పెడుతుంది, ఇంట్లో వాళ్లకు నేర్పుతుంది, ఏం మారిందో చూసి పైకి చెప్తుంది. కొత్తగా ప్లాను రాయదు, సొంతంగా మార్చదు. ఇది కాక కేర్‌టేకర్లు ఉంటారు. నైపుణ్య శిక్షణల్లో జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనే కోర్సు చేసినవాళ్లు స్నానం చేయించడం, పక్క మార్చడం, అన్నం పెట్టడం చేస్తారు. అది కూడా అవసరమైన పనే, కానీ ఫిజియో కాదు. మర్దన చేసేవాళ్లు మర్దన చేసేవాళ్లే.

మా గ్రూపులో ఒకామె మేనకోడలు అమెరికాలో ఉంటుంది. ఫోనులో అడిగితే, అక్కడ ఫిజికల్ థెరపిస్టు అసిస్టెంటు అనే ఉద్యోగానికి రెండేళ్ల కాలేజీ చదువు, దేశం మొత్తానికి ఒక పరీక్ష, లైసెన్సు అన్నీ ఉంటాయంట. అక్కడ కూడా చూసి తేల్చేది థెరపిస్టే, అసిస్టెంటు కాదంట. మన దేశంలో ఫిజియోథెరపిస్టుల చదువుకు, రిజిస్టరుకు 2021లో ఒక చట్టం వచ్చింది, అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. అందుకని నువ్వు ఎక్కడ చదివావు, ఎక్కడ రిజిస్టరు అయ్యావు అని అడిగితే తప్పు పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. తప్పు పట్టుకుంటే అదే మనకు జవాబు.

ఆ తర్వాత మా తీర్మానాల పుస్తకంలో ఒకటి రాసుకున్నాం. వైద్యానికి అప్పు అడిగితే ఇవ్వాలి, కానీ ఇంటికొచ్చి చేయించే మనిషి విషయంలో ఇద్దరు సభ్యులు వెళ్లి ముందు మాట్లాడాలి. ఏం చదివారు అని అడగాలి. ఏ ఫిజియోథెరపిస్టు చూసి ప్లాను రాశారు, ఆ కాగితం ఏది అని అడగాలి. ఆ థెరపిస్టు మళ్లీ ఎప్పుడు చూస్తారు అని అడగాలి. ఇన్ని రోజుల్లో నడిపిస్తా అని గ్యారంటీ ఇస్తే అక్కడే లేచి వచ్చేయాలి. ఈ చివరిది మా పెద్దామె రాయించింది.

ఇక ఇంట్లో చేసేది. వారానికి రెండు మూడు రోజులు ఆసుపత్రి, మిగతా ఇరవై నాలుగు గంటలూ ఇల్లే. ఆ అమ్మాయి అక్కకి, బావ చెల్లెలికి అన్నీ చేసి చూపించి, వాళ్లతో చేయించి, తప్పు చేస్తే మళ్లీ చేయించింది. మంచంలో ఉన్నన్నాళ్లూ రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, లేకపోతే పడకపుండ్లు పడతాయి. పడుకున్నా కూర్చున్నా పడిపోయిన చేతి కింద దిండు ఉండాలి, వేలాడకూడదు. చొక్కా తొడిగేటప్పుడు బలం లేని చెయ్యి ముందు, విప్పేటప్పుడు బలం ఉన్న చెయ్యి ముందు. పాదం కిందికి వాలిపోకుండా రోజూ మడమ పట్టుకుని పాదాన్ని పైకి వంచాలి, నెమ్మదిగా. అన్నం నోట్లో పెట్టేటప్పుడు కూర్చోబెట్టే పెట్టాలి. గ్లాసు బలం లేని చేతి వైపు పెట్టి, ఆ చేతిని కూడా పనిలో కలుపుకోమనాలి. ఇది వినడానికి చిన్నదే. అక్క మొదట్లో అన్నీ తనే చేసేసేది, ప్రేమ కొద్దీ. ఆ అమ్మాయి గట్టిగా చెప్పింది, "అక్కా, మీరు చేస్తే మీ చెయ్యి బాగుపడుతుంది, ఆయన చెయ్యి కాదు" అని.

ఒక హెచ్చరిక కూడా చెప్పింది. పిక్క ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే నూనె రాసి పిసకొద్దు. లోపల రక్తం గడ్డ ఉండొచ్చు, పిసికితే కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వెంటనే డాక్టరుకు చూపించాలి. వ్యాయామం చేసేటప్పుడు గుండెలో నొప్పి, కళ్లు తిరగడం వస్తే ఆపేయాలి. బీపీ మాత్ర మానకూడదు, ఇది ఫిజియోకి సంబంధం లేదనుకుంటాం గానీ రెండోసారి పక్షవాతానికి అదొక పెద్ద కారణం.

డబ్బు లెక్క చెప్పమని మీరు అడగకముందే చెప్తాం. ఇరవై వేలలో ఏడు వేల రెండు వందలు మొదటి ఆయనకి పోయాయి. పన్నెండు సార్లు ఆటోకి ఆరు వేలు. నాలుగు కాళ్ల కర్ర తొమ్మిది వందలు. కూర్చుని దొడ్డికి పోయే కుర్చీ రెండు వేల నాలుగు వందలు. మిగతా మూడు వేల ఐదు వందలు మందులకు, ఇంటి ఖర్చుకు. ఆసుపత్రిలో ఫిజియోథెరపీకి మా దగ్గర ఏమీ తీసుకోలేదు. కనపడని ఖర్చు ఇంకొకటి ఉంది, అక్క కూలి. మిరప కోతలు మొత్తం పోయాయి. మా గ్రూపులో వాళ్లం వంతులు వేసుకుని మధ్యాహ్నం పూట బావ దగ్గర కూర్చుంటే, చివరి రెండు వారాలు మాత్రం వెళ్లగలిగింది. వాయిదాలు ఇప్పటికి తొమ్మిది కట్టింది. రెండు నెలలు ఆలస్యం అయింది, మానలేదు.

బావ ఇప్పుడు కర్ర పట్టుకుని టీ కొట్టు దాకా నడుస్తాడు. చెయ్యి పూర్తిగా రాలేదు. వేళ్లు ముడుచుకుంటాయి గానీ విప్పడం కష్టం, చలిరోజుల్లో భుజం ఇంకా లాగుతుంది. మొదటి మూడు వారాలు, ఆ పద్దెనిమిది రోజులు లేకపోతే ఇంకా వచ్చేదా అని అక్క అప్పుడప్పుడు అడుగుతుంది. మేడాన్ని కూడా అడిగింది. మేడం అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

పిల్లల సంగతి ఒక మాట. మెడ నిలపని పిల్లలు, నడక రాని పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు, ఇంట్లోనే ఉంచేస్తున్నాం. సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు ఉన్నాయి, నిర్ణయించిన రోజుల్లో అక్కడ ఫిజియోథెరపీ చేయిస్తారు. పక్క ఊరి సభ్యురాలి మనవడు అక్కడికే పోతున్నాడు. మీ మండల విద్యాశాఖ ఆఫీసులో అడగండి.

ఇంకొకటి ఆడపిల్లల గురించి. మా గ్రూపులోనే ఒకామె కూతురు పది పాసైంది. ఆసుపత్రికి ఒకసారి మాతో తోడు వచ్చి, ఆ అసిస్టెంటు అమ్మాయిని చూసి, నేనూ ఇదే చదువుతా అంది. ఇంటర్ బోర్డు ఒకేషనల్ కోర్సుల్లో ఫిజియోథెరపీ ఉంది, పది తర్వాత రెండేళ్లు. వాళ్ల నాన్న ఒప్పుకోలేదు. "మగవాళ్ల కాళ్లూ చేతులూ పట్టుకునే పనా? రేపు సంబంధం ఎట్లా వస్తుంది?" అన్నాడు. ఆ మాటకి మా దగ్గర జవాబు లేక కాసేపు ఊరుకున్నాం. బావే జవాబు చెప్పాడు. కర్ర పట్టుకుని వాళ్లింటికి నడిచి వెళ్లాడు, అప్పటికి మాట కొంచెం వచ్చింది. "నన్ను లేపింది ఆడపిల్లేరా, నా కూతురనుకున్నా" అన్నాడు. అంతకంటే ఏమీ మాట్లాడలేదు, కూర్చుని టీ తాగి వచ్చాడు.

ఆ పిల్ల చేరింది. చేర్చే ముందు మేమే కాలేజీకి వెళ్లి ఇంటర్ బోర్డు గుర్తింపు కాగితం చూపించమన్నాం, ప్రాక్టికల్సు ఏ ఆసుపత్రిలో చేయిస్తారో అడిగాం. బోర్డుకు సంబంధం లేని సర్టిఫికెట్టు ఇచ్చి ఫిజియో డాక్టరు అయిపోతావని చెప్పే చోట్లు కూడా ఉంటాయి, జాగ్రత్త. ఈ కోర్సు చదివితే అసిస్టెంటు అవుతుంది, డాక్టరు కాదు. ఆ పిల్లకి కూడా అదే చెప్పాం. పైకి చదవాలంటే బ్రిడ్జి కోర్సు సంగతి ఇప్పటి నుంచే లెక్చరర్లను అడిగి పెట్టుకోమన్నాం.

సమాఖ్యను మేము రెండు కోరుతున్నాం. ఆసుపత్రి ఫిజియో మేడంతో మాట్లాడి, ఏడాదికి ఒక రోజైనా సమాఖ్య ఆఫీసులో మన సభ్యులకు పక్క మార్చడం, లేపడం, నిలబెట్టడం నేర్పించాలి. కాగితం మీద రాసిస్తే రాదు, చేతులతో నేర్పాలి. రెండోది, వాకర్లు, కర్రలు, కుర్చీలు ఒక ఇంట్లో పని అయిపోయాక అటక మీద పడి ఉంటున్నాయి. ఊరూరా వాటి లెక్క రాసి, అవసరమున్న ఇంటికి తిప్పుదాం.

మా ఊరి నుంచి మేము మొదలుపెట్టాం. బావకి ఆ కుర్చీతో పని లేదిప్పుడు, బాత్రూముకు నడిచి పోతున్నాడు. అక్క దాన్ని డెట్టాలు వేసి కడిగి మా గ్రామ సంఘం గదిలో పెట్టింది. దానికి ఒక పుస్తకం పెట్టాం, మా పెద్దామె దగ్గర ఉంటుంది. ఏ ఊరి వాళ్లైనా సరే, సంతకం పెట్టి తీసుకెళ్లండి. అద్దె లేదు. కడిగి తిరిగివ్వాలి, అంతే. పెద్దామె చూసి తీసుకుంటుంది.